అమెరికా పాటలో మా అవ్వ శోకం

మొన్న కాలేజీలో ఒక ఫస్టియర్ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నన్ను ఆపి, తన చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "మేడమ్, గిది అమెరికోళ్ల ర్యాప్ పాట. నడుమల తెలుగు వస్తదని మా ఫ్రెండ్స్ అంటున్నరు. మీరు జర విని చెప్పుండ్రి" అంది. నల్లగొండలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మనిషిని కాబట్టి రెండు భాషల సంగతీ నాకే తెలుస్తుందని ఆ పిల్ల నమ్మకం. చెవిలో పెట్టుకున్నాను. ముందు డ్రమ్ము, దాని కింద ఏదో లోతైన మోత, ఆ తర్వాత ఒక ముసలి ఆడమనిషి గొంతు: "ఎటు వోతివి కొడుకా... సైదులూ..." మళ్లీ అదే. మళ్లీ అదే. దాని మీద ఒక మగగొంతు ఇంగ్లీషులో గబగబా మాటలు గుమ్మరిస్తోంది. ఆ ముసలి గొంతు మా అవ్వది. అవ్వ పోయి రెండేళ్లు దాటింది. "తెలుగే" అన్నాను. "మీనింగ్ ఏంది మేడమ్?" "ఎక్కడికి పోయినవ్ కొడుకా అని అడుగుతోంది." "మదర్ సెంటిమెంటా? సూపరుంది మేడమ్" అని ఇయర్‌ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. రావలసిన కోపమంతా ఎప్పుడో వచ్చి అయిపోయింది. కానీ ఆ రోజు ఒక్క పాఠం కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

మా ఊరు రామన్నపేట దగ్గర. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఇంటర్ చదువుతున్నాను. అప్పటికి మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఆడుతుండేవి. ఒకటి బాపుది, ఇంకొకటి బాపు తమ్ముడు నర్సింహది, అంటే మా చిన్నాయినది. పొద్దున్నే వీధి పొడవునా పడుగు నూలు చాపి గంజి పట్టించేవాళ్లు. ఆ పులిసిన గంజి వాసన, ఇంటి వెనక రంగు కాగే గిన్నె వాసన, రంగు పట్టకుండా నూలును అక్కడక్కడా బిగించి కట్టడానికి కోసిన సైకిల్ ట్యూబుల వాసన, అన్నీ కలిసి మా బట్టలకూ పుస్తకాలకూ, చివరికి మేం తినే అన్నానికీ పట్టేవి. కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్ల "మీ ఇంట్ల ఏం కాలుస్తరే?" అని అడిగింది కూడా. అవ్వ, అంటే మా నాయనమ్మ, గుమ్మం పక్కన రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఎడమ దవడలో ఆకువక్క, కుడిచేతిలో రాట్నం పిడి. వీధిలో పోయేవాళ్లను ఏదో ఒక మాట అనకుండా పోనిచ్చేది కాదు. అనిపించుకోకుండా పోయినవాళ్లు అవ్వకు ఒంట్లో బాగాలేదేమోనని మళ్లీ వెనక్కి వచ్చి చూసేవాళ్లు.

చిన్నాయినకు ముప్పై దగ్గరపడుతున్నా పెళ్లి కాలేదు. మగ్గం నేసేవాడికి పిల్లనివ్వడానికి అప్పటికే ఎవరూ ముందుకు రావడం లేదు. ఆయనకున్న ఆస్తల్లా ఒక ఫోను, అందులో ఒక మెమరీ కార్డు, ఆ కార్డు నిండా ఒకే మనిషి పాటలు. సెల్ షాపువాడు సినిమా పాటలతో పాటు పొరపాటున ఎక్కించిన ఒక్క పాటతో మొదలైన పిచ్చి అది. ఆ పాడే మనిషి అమెరికాలో నల్లజాతి ర్యాపర్. వాళ్ల దేశంలో ఆయనకేదో పెద్ద పేరుంది కానీ, మా ఇంట్లో ఆయన పేరు మనోడు. "మనోడు కొత్త పాట ఇడిసిండు", "మనోడికి పానం మంచిగ లేదంట" అని చిన్నాయిన అంటుంటే, బాపు కొన్నాళ్లు అది మా చుట్టాల్లో ఎవరి సంగతో అనుకున్నాడు. మాట అర్థం కాకుండా ఏం వింటావురా అంటే చిన్నాయిన, "ఆడు మాట్లాడుతుంటే మగ్గం తొక్కినట్టే ఉంటదన్నా, వేరే అర్థమెందుకు" అనేవాడు.

ఎందుకు అనేవాడే గానీ, అర్థం చెప్పించుకోకుండా వదిలేవాడు కాదు. ఆ పని నాది. ఇంటర్ చదివే పిల్లకు రాని ఇంగ్లీషు కూడా ఉంటుందని ఆయన ఒప్పుకునేవాడు కాదు. నేను కాలేజీ నుంచి వచ్చి బ్యాగు దించకముందే "సంధ్యా, గీ లైను జర చూడు బిడ్డా" అని ఫోను చాపేవాడు. "గిది బూతు చిన్నాయినా" అనేదాన్ని. "ఎంత బూతు?" "అవ్వ ముందట చెప్పేంత కాదు." రాట్నం ఆపకుండానే అవ్వ, "చెప్పవే, నాకు రాని బూతులు అమెరికల ఉన్నయా?" అనేది. బూతులు తీసేస్తే మిగిలిన మాటల్లో మా ఇంటికి అర్థమయ్యే సంగతులే ఉండేవి. మనోడు పుట్టింది బట్టల మిల్లు మూతపడ్డ ఒక చిన్న ఊళ్లో. వాళ్ల నాయనమ్మ ఆ మిల్లులో నూలు పని చేసి, దూది దుమ్ము మింగి, దగ్గి దగ్గి పోయింది. ఆమె చర్చిలో పాడిన నాలుగు మాటలు ఎవరి పాత టేపులోనో దొరికితే, వాటినే తిప్పి తిప్పి వినిపిస్తూ దాని మీద తన మాటలు కట్టాడు. అట్లా తెచ్చుకున్న ముక్కను శాంపిల్ అంటారని నేను చదివి చెప్పాను. "పాత చీర అంచు కోసి కొత్త గుడ్డకు కుడతం చూడు, గదే" అన్నాడు చిన్నాయిన. మనోడికి పేరు వచ్చింది ఆ పాటతోనే. మగ్గం గుంటలో కూర్చుని ఆ పాట వింటూ చిన్నాయిన ఏడుస్తుంటే నేను చూశాను. చూడనట్టు ఇంట్లోకి పోయాను.

నేసేటప్పుడు ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాడు, రెండో చెవి మగ్గానికి వదిలేసేవాడు. అయినా పాట నేతలోకి దిగేది. పాట జోరు మీదుంటే నూలు మీద పోటు గట్టిగా పడేది, నెమ్మదిస్తే నేత వదులయ్యేది. దించిన చీరను ఎండకు పట్టి చూస్తే ఎక్కడ పాట మారిందో తెలిసిపోయేది. బాపు వేలితో తడిమి, "గీడ నీ మనోడు పండుకున్నట్టున్నడు రా" అనేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. బాపు మాత్రం సగమే నవ్వేవాడు, ఎందుకంటే నూలు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు వదులు చీరను మొహం మీద కొడతాడు. చిన్నాయిన తన సొంత ర్యాప్ కూడా కట్టాడు. మగ్గం చప్పుడు రికార్డు చేసి, దాని మీద వీధి గురించి, షావుకారు గురించి మన మాటల్లోనే దంచాడు. మొదటిసారి వినిపించినప్పుడు అవ్వ రాట్నం ఆపి, "ఎవల్ని తిడుతున్నవ్ రా? ఏమైందిరా?" అని ఆదుర్దాగా అడిగింది. ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.

అవ్వకు ఇంకో పని కూడా ఉండేది. మా వీధిలో ఎవరి ఇంట్లో మనిషి పోయినా మొదటి కబురు అవ్వకే. శోకం ఎత్తుకోవాలి. పోయినవాళ్ల తలాపున కూర్చుని, నుదుటి మీద చెయ్యి పెట్టి, పేరు పెట్టి పిలిచేది. ఏమేం విడిచిపెట్టి పోతున్నారో, ఎవరెవరు ఎదురుచూస్తున్నారో, రాగం తీసి ఒక్కొక్కటే వాళ్లకు చెప్పేది. అవ్వ నోరు తెరిచేదాకా ఆ ఇంటివాళ్ల ఏడుపు గొంతులోనే ఇరుక్కుని ఉండేది. ఆ తర్వాత అందరూ అందుకునేవాళ్లు, గుండె ఖాళీ అయ్యేదాకా ఏడ్చేవాళ్లు. ఆ మాటలు మళ్లీ ఇంకెక్కడా అనకూడదు. అవి శవంతో పాటే పోవాలి. అవ్వ తిరిగొచ్చి, ఇంటి వెనకే తలస్నానం చేసి, చీర మార్చుకుని గానీ గడప తొక్కేది కాదు. చిన్నప్పుడు నేను తెలియక "ఒక్కసారి ఆ పాట పాడవా అవ్వా" అంటే చెంప మీద ఒకటి పడింది. "బతికున్నోళ్ల ఇంట్ల శోకం పెడ్తరా పిల్లా? పిలిస్తే వస్తది" అంది. వచ్చేది ఏమిటో వేరే చెప్పలేదు.

మనోడు రెండో ఆల్బమ్ తయారుచేస్తూ, తన పాటలు వినేవాళ్లందరినీ ఒక మాట అడిగాడు: మీ ఇంట్లో వినపడే చప్పుళ్లు పంపండి, బాగున్నవి నా పాటల్లో పెట్టుకుంటాను అని. చిన్నాయిన కాళ్లు నేల మీద నిలవలేదు. మగ్గం చప్పుడు పంపాడు, రాట్నం పంపాడు, గంజి పట్టించేటప్పటి కేకలు పంపాడు. ఒక్కదానికీ జవాబు లేదు. "వాళ్ల నాయినమ్మ గొంతు పెట్టుకుండు కదా, మా అమ్మ గొంతు పంపిస్త" అని అవ్వ వెంటపడ్డాడు. శోకం ఒక్క నిమిషం ఎత్తుకోమన్నాడు. అవ్వ చేతిలో ఉన్న కండె ఆయన మీదికి విసిరింది. "నీకు పుట్టిన బుద్ధేనా రా ఇది?" అంది. తర్వాత మూడు పూటలు ఆయనకు అన్నం వడ్డించలేదు, మా అమ్మే వడ్డించింది.

మా వీధి చివరింటి సైదులు పోయింది ఆ రోజుల్లోనే. చిట్యాల దగ్గర హైవే మీద లారీ గుద్దింది. చీరల మూట వెనక కట్టుకుని బండి మీద వస్తున్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర, ఇంట్లో భార్య రేణుక, ఇంకా పాకడం కూడా రాని ఆడపిల్ల. అవ్వ ఆ రోజు ఎత్తుకున్న శోకం నేను విన్నాను. "మగ్గమ్మీద సగం చీర ఇడిసి ఎటు వోతివి కొడుకా... సైదులూ..." అని పిలుస్తుంటే, అప్పటిదాకా రాయిలా కూర్చున్న రేణుక ఒక్కసారిగా విరుచుకుపడి ఏడ్చింది. అవ్వ ఆమెను ఒళ్లోకి లాక్కుంది. ఆ మిగిలిన చీరను తర్వాత మా బాపు పోయి నేసి దించాడు. ఆ జనంలో చిన్నాయిన తన ఫోను చొక్కా జేబులో ఆన్ చేసి పెట్టుకున్నాడని మాకెవరికీ తెలియదు. తిరిగొచ్చాక అందరిలాగే ఇంటి వెనక స్నానం చేశాడు. ఫోనుకు స్నానం చేయించలేడు కదా. గుడ్డను పసుపు నీళ్లలో ముంచి పిండి, ఫోనును ముందూ వెనకా తుడిచి, శుద్ధి అయిందనుకుని గడప దాటించాడు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పాడు. దొంగతనంగా పట్టుకున్నందుకు ఆయనకు బాధ లేదు, ఎందుకంటే అది దొంగతనమని ఆయనకు తోచనే లేదు. అందరి ముందూ ఎత్తుకున్న శోకమే కదా అనుకున్నాడు. మైల ఒక్కటే భయం, అది పసుపు నీళ్లతో పోయింది. మర్నాడు నేను కాలేజీ నుంచి వచ్చేదాకా కూడా ఆగకుండా, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో 'మై మదర్ సాంగ్' అని రాసి పంపేశాడు.

మనోడు దాన్ని తీసుకున్నాడు. ఆ పాట బయటికి వచ్చిన రోజు చిన్నాయిన మగ్గం గుంటలో నుంచి ఎగిరి బయటపడ్డాడు. వీధంతా తిరిగి ఫోను చూపించాడు. పాట కింద సన్నటి అక్షరాల్లో తన పేరు కూడా ఉంది, తప్పు స్పెల్లింగుతో. పాట ప్రపంచమంతా తిరిగింది. మనోడి పాటల్లో అన్నిటికంటే పెద్ద పాట అదే అయింది. ఎవరెవరో తెల్లవాళ్లు, నల్లవాళ్లు దానికి డాన్సు చేసి వీడియోలు పెట్టారు. వాళ్ల పెదవులు "కొడుకా సైదులూ" అని కదులుతుంటే ఊళ్లో పిల్లలు విరగబడి చూశారు. ఇంట్లో మాత్రం చిన్నాయిన దాన్ని ఇయర్‌ఫోన్లోనే వినేవాడు, అవ్వ చెవిన పడనివ్వలేదు. "నీ గొంతు అమెరికాకు పోయిందే" అంటే అవ్వ ఏదో మగ్గం పక్కన తాను అరిచిన అరుపు అనుకుంది. "పోనీ, నేను పోకున్న అదైనా పోయింది" అంది.

ఆ చలికాలంలో మా వీధిలో ఒక పెళ్లి. పొద్దుగూకే వేళ బరాత్ బయలుదేరింది. డీజే బండి, రంగు లైట్లు, ముందర కుర్రాళ్లు. బండి సైదులు ఇంటి దాకా వచ్చేసరికి ఎవరో "మన అవ్వ పాట పెట్టు" అని అరిచారు. డీజేవాడు పెట్టాడు. నేను మా గుమ్మంలో అవ్వ పక్కనే ఉన్నాను. "ఎటు వోతివి కొడుకా... సైదులూ..." అని బండంత పెద్ద స్పీకర్లలో నుంచి వచ్చింది. కుర్రాళ్లు చేతులు పైకెత్తి ఎగిరారు. పెళ్లికొడుకు కూడా ఎగిరాడు. అవ్వ నా భుజం పట్టుకుంది. మొదట ఎవరో సైదులును పిలుస్తున్నారనుకుంది, తర్వాత ఆ పిలిచేది తనేనని తెలిసింది. "గదేందే? పెండ్లి ముందట నా శోకమేందే?" అంది. వీధి చివర రేణుక పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్ల ఆ లైట్లు చూసి చప్పట్లు కొడుతోంది. రేణుక మెల్లగా లోపలికి పోయి తలుపు పెట్టుకుంది. బయట మొగుడి పేరు మోగుతూనే ఉంది.

తెల్లారి రేణుక మా ఇంటికి వచ్చింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "బావా, పాటంత ఉండనియ్యి. ఆయన పేరు ఒక్కటి తీసెయ్యమను" అంది చిన్నాయినతో. "పేరు పెట్టి పిలిస్తె పోయినోళ్లు ఇంటరంటది అవ్వ. రోజూ గన్ని దేశాల పిలుస్తున్నరు. ఆయన ఎటు వోతడు బావా?" చిన్నాయిన తల ఎత్తలేకపోయాడు. "తీపిస్త రేణుకా. నా మాట" అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. ఇది పాట కాదు, చావింటి ఏడుపు, ఒక మనిషి పేరు ఉంది, అది మాత్రం తీసేయండి అని నాకొచ్చిన ఇంగ్లీషంతా పెట్టి నేనే రాశాను. మనోడికి రాశాం, పాటలు అమ్మే వాళ్లకు రాశాం. మీ మాట అందింది అని యంత్రం ఇచ్చే జవాబు తప్ప మనిషి జవాబు రాలేదు. రాసీ రాసీ నా ఇంగ్లీషు మెరుగుపడింది. అదొక్కటే ఫలితం.

ఈలోగా మనోడి కథే తిరగబడింది. తొలి పాటల్లో వాడుకున్న పాత ముక్కల గురించి ఎవరో కోర్టుకు పోయారు. పాటలు అమ్మే కంపెనీకీ ఆయనకూ చెడింది. పాటలన్నీ కంపెనీ చేతిలోకి పోయాయి. ఒక వీడియోలో మనోడు, వెనక ఉత్త గోడ పెట్టుకుని, "నా పాటలు నావి కావు. మా నాయనమ్మ గొంతు కూడా ఇప్పుడు కంపెనీవాళ్లదే" అన్నాడు. నేను తెలుగులో చెబుతుంటే చిన్నాయిన విన్నాడు. "అంటే ఆనితోని గూడ కాదు" అన్నాడు. తర్వాత మనోడు కొత్త పాట విడవలేదు. ఎక్కడున్నాడో తెలియదు. పాట మాత్రం ఉంది. మనిషి అంటూ లేని చోట ఎవరిని అడగాలి? రేణుక కొన్నాళ్లు అడిగింది, తర్వాత మానేసింది. చిన్నాయిన ఆమె ఎదురుపడితే పక్క గల్లీలోకి తిరిగేవాడు. ఆ తర్వాత మగ్గం కూడా వదిలేసి చౌటుప్పల్ వైపు మందుల కంపెనీలో పనికి పోయాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు. పాటలు వినడు.

అవ్వ మళ్లీ శోకం ఎత్తుకోలేదు. చావు కబురు వస్తే "నాకు పానం బాగలేదని చెప్పు" అనేది. ఒకసారి బాపు గట్టిగా అడిగితే, "నేను ఎత్తుకుంట, మీరు ఎగురుతరు" అంది. ఇంకెవరూ ఎత్తుకోలేదు, ఎందుకంటే నేర్చుకోవలసిన వయసు ఆడవాళ్లు ఆ పాటకు వీడియోలు చేసుకుంటున్నారు. అప్పటి మా వీధినీ ఇప్పటి వీధినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే నాకు భయం. జిల్లాలు విడిపోయి మా ఊరు భువనగిరి కిందికి పోయింది, రోడ్డు పడింది, దీపాలు వచ్చాయి. మగ్గాలు దాదాపు అన్నీ కట్టెల కింద పోయాయి. ఎవరైనా పోతే ఫ్రీజర్ పెట్టెతో పాటు స్పీకరు కూడా కిరాయికి వస్తోంది. దాంట్లో ఎవరో పాడిన భక్తి పాట నడుస్తుంటే జనం కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. బతుకు మెరుగైందనే వాళ్లతో నేను వాదించను. కానీ ఏడవడం కూడా చేతకాని వాళ్లమయ్యాం, ఆ మాట అనకుండా ఉండలేను.

అవ్వ ఎండాకాలం మధ్యాహ్నం పోయింది. స్పీకరు పెట్టాలా అని కిరాయివాడు అడిగితే బాపు వద్దన్నాడు. వీధి వీధంతా వచ్చింది. అమెరికా పాట అవ్వ పోయిందని విని చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చారు. అందరూ అవ్వ చుట్టూ కూర్చున్నాం. మా అమ్మ ముక్కు చీదుతోంది. ఎట్లా మొదలుపెట్టాలో ఒక్కరికీ తెలియదు. అప్పుడు రేణుక వచ్చింది. అవ్వను ఉంచిన ఫ్రీజర్ పెట్టె మూత తీయమంది. తలాపున కూర్చుని, అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టింది. "అవ్వా..." అని రాగం తీసింది. "ఎన్ని ఇండ్ల ఏడుపు ఎత్తుకుంటివి అవ్వా..." ఆ ఒక్క మాటకే నాకు ఏడుపొచ్చింది. బాపు గోడకు ఆనుకుని భోరుమన్నాడు. చిన్నాయిన అవ్వ కాళ్లు పట్టుకున్నాడు. అంతలో రేణుక తల ఎత్తి చూసింది. జనం తలల మీదుగా ఫోన్లు లేచి ఉన్నాయి. ముందు వరుసలో, వెనక, గోడెక్కిన వాళ్ల చేతుల్లో, అన్నీ ఆమె నోటి వైపే.

రేణుక ఆగిపోయింది. చిన్నాయిన లేచి పిచ్చివాడిలా "దించుండ్రి! దించుండ్రి ఫోన్లు!" అని ఒక్కొక్కరి చేతుల మీద కొట్టుకుంటూ పోయాడు. అందరూ దించారు. "ఎత్తుకో రేణుకా, నీ కాళ్లు మొక్కుత. ఎవ్వలు పట్టరు" అన్నాడు. రేణుక ఆ దించిన చేతుల వైపు చూసింది. వాటిలో ఫోన్లు ఇంకా వెలుగుతున్నాయి. "నాతోని కాదు బావా" అంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, అవ్వ నుదుటి మీద చెయ్యి తియ్యకుండా అట్లాగే కూర్చుంది. పొద్దు గూకకముందే తీసుకుపోవాలని పెద్దవాళ్లు తొందరపెట్టారు. వీధిలో ఒక్కరినీ శోకం లేకుండా పంపని మనిషిని, శోకం లేకుండానే తీసుకుపోయారు.